నలభైమూడు ఇళ్ల కరెంటు బిల్లులు

ఎమ్మిగనూరు కరెంటాఫీసులో బిల్లులు కట్టించుకునే కిటికీ వెనుక మహాదేవి ముప్పై ఏళ్లు కూర్చుంది. అలాగని ఆమెది కరెంటాఫీసు ఉద్యోగమేమీ కాదు. వసూళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నవాళ్ల దగ్గర గుమాస్తా. కాంట్రాక్టర్లు మారారు, రసీదు పుస్తకాలు పోయి కంప్యూటరు వచ్చింది, కిటికీకి ఉన్న చెక్క చట్రం పోయి అల్యూమినియం వచ్చింది. కిటికీ వెనుక మనిషి మాత్రం మారలేదు. ఊరివాళ్లకు ఆమె పేరు కూడా సరిగ్గా తెలియదు. అందరికీ కరెంటక్క.

పెళ్లి కాలేదు. నాన్న మగ్గం మీద ఉండగానే పోయాడు, అమ్మ పక్షవాతంతో పదకొండేళ్లు మంచాన పడింది. ఆ పదకొండేళ్లలో మహాదేవిని చూడడానికి వచ్చిన రెండు సంబంధాలవాళ్లూ ముందు మంచం వైపు చూసి, తర్వాత ఈమె వైపు చూసి, కాఫీ తాగి వెళ్లిపోయారు. అమ్మ పోయేసరికి మహాదేవికి యాభై దాటాయి. ఇక ఎవరూ కాఫీకి కూడా రాలేదు.

యాభై ఎనిమిది నిండగానే దండవేసి, స్టీలు క్యారియరు ఒకటి చేతిలోపెట్టి ఇంటికి పంపారు. పి.ఎఫ్. పింఛను, బ్యాంకులో వేసుకున్న డిపాజిట్ మీద వడ్డీ, రెండూ కలిపి నెలకు నాలుగువేల ఆరువందలు. నేతగాళ్ల కాలనీలో నాన్న కట్టిన రెండు గదుల ఇల్లుంది కాబట్టి అద్దె బాధ లేదు. బి.పి. మాత్రలు, గ్యాసు, పాలు, బియ్యం పోగా నెలాఖరుకు చేతిలో మిగిలేది చెప్పుకుంటే నవ్వుతారు.

అప్పుడు ఆమె కన్ను క్యాష్‌బ్యాక్‌ల మీద పడింది. బ్యాంకులో మేనేజరమ్మ ఆమె డిపాజిట్‌లో యాభైవేలు పూచీ పెట్టించుకుని ఒక క్రెడిట్ కార్డు ఇచ్చింది. ఏం కొన్నా నూటికి ఒక రూపాయి తిరిగి వస్తుందని చెప్పింది. నూటికి రూపాయంటే మీకూ నాకూ లెక్కలేకపోవచ్చు. ముప్పై ఏళ్లు ఊరి చిల్లర ఎంచిన మనిషికి రూపాయి అంటే రూపాయే. మహాదేవి దాని వెంట పడింది చూడండి, ఉద్యోగంలో ఉండగా కూడా అంత శ్రద్ధగా పనిచేసి ఉండదు.

సూపర్‌మార్కెట్లో నాలుగువందల తొంభైతొమ్మిదికి కొంటే ఇరవై తగ్గింపు అంటే, ఆమె బిల్లు సరిగ్గా నాలుగువందల తొంభైతొమ్మిదే అయ్యేది. అందుకోసం ఉప్మా రవ్వ యాభై గ్రాములు తీయించి, మళ్లీ ఇరవై గ్రాములు వేయించేది. తూకం దగ్గరి మనిషి ఆమెను చూడగానే నిట్టూర్చేవాడు. బుధవారం గ్యాసు బుక్ చేస్తే ముప్పై రూపాయలు వెనక్కి ఇస్తామని ఒక యాప్ అంటే, సోమవారమే బండ అయిపోయినా రెండు రోజులు బొరుగులూ బెల్లమూ తిని బుధవారం పొద్దున బుక్ చేసింది. ఫోన్లో గీకే కార్డులు వచ్చేవి. గీకితే ఒక్కోసారి మూడు రూపాయలు, ఒక్కోసారి ఏడు. చాలాసార్లు ఈసారికి లేదు, మళ్లీ ప్రయత్నించండి అని. ఇంకొన్నిసార్లు విమానం టిక్కెట్టు మీద వెయ్యి రూపాయల తగ్గింపు, కుక్క బిస్కెట్ల మీద సగం ధర. కుక్కా లేదు, విమానం ఎక్కే పనీ లేదు. అయినా గడువు తీరేదాకా వాటిని చెరిపేసేది కాదు, ఎవరికైనా పనికొస్తాయేమోనని. ఎవరికి? అదే ఆమె చెప్పలేకపోయేది.

విశ్వాసమ్మ రావడం ఆ రోజుల్లోనే. పక్క సందులో ఉంటుంది. మిషను ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి, భర్త లేడు, ఒక్క కూతుర్ని నంద్యాలకు ఇచ్చింది. మోకాళ్ల నొప్పులతో కరెంటాఫీసు దాకా నడవలేక, చేతిలో బిల్లు చీటీ పట్టుకుని ఒకనాడు మధ్యాహ్నం వాకిట్లో నిలబడింది.

"అక్కా, కిటికీకాడ ఉన్నెప్పుడు నువ్వే కట్టించుకుంటాంటివి గదా. ఇప్పుడు ఫోన్లో కట్టొచ్చంట. కట్టి పెడతావా?"

మహాదేవి కట్టింది. విశ్వాసమ్మ రెండు వందల ఎనభై రూపాయలు చేతికిచ్చింది. టక్కున ఫోన్లో గీకే కార్డు వచ్చింది. గీకితే పన్నెండు రూపాయలు.

పన్నెండు రూపాయలు! మహాదేవి ఆ రాత్రి పడుకునే ముందు కాలనీలో ఇళ్లెన్నో వేళ్లమీద లెక్కపెట్టుకుంది. మరుసటి నెల నాలుగు ఇళ్లవాళ్లకు తానే చెప్పింది, ఎండలో అంతదూరం ఎందుకమ్మా పోతారు, నాకియ్యండి, కడతాను అని. వాళ్లు ఇంకొకరికి చెప్పారు. ఆరు నెలల్లో నలభైమూడు ఇళ్లయ్యాయి. కార్డు మీద వచ్చేదీ గీకితే వచ్చేదీ కలిపి నెలకు నాలుగు వందలకు అటూఇటూ. గ్యాసు బండలో సగం.

ఇందులో తనకేదో వస్తోందని మహాదేవి ఎవరికీ చెప్పలేదు. దాచాలని దాచలేదు. మొదటిరోజు విశ్వాసమ్మతో చెప్పి ఉంటే సరిపోయేది. పన్నెండు రూపాయల సంగతి ఏం చెబుతాంలే అనుకుంది. రెండో నెల చెబితే మొదటి నెలే ఎందుకు చెప్పలేదంటారు. పదో నెలకు అది చెప్పడానికి వీల్లేని సంగతి అయి కూర్చుంది. మనలో చాలామందికి ఇలాంటిది ఒకటి ఉంటుంది.

కానీ నేను చెప్పబోయేది ఆ నాలుగు వందల గురించి కాదు.

నెల మొదటి వారంలో రీడింగు మనిషి వచ్చి, మీటరు చూసి, నడుముకు తగిలించుకున్న చిన్న మిషన్లోంచి పొడుగాటి చీటీ చించి ఇస్తాడు. రెండు వారాల్లో కట్టాలి. ఆ రెండు వారాలూ మహాదేవి ఇంట్లో ఒకటే సందడి. గిడ్డమ్మ వచ్చేది. ఆమె ఇంట్లో ఇంకా మగ్గం ఆడుతోంది, నోరు మగ్గంకంటే ఎక్కువ ఆడుతుంది. వచ్చినవాళ్లు చీటీ ఇచ్చి, డబ్బిచ్చి, ఫోన్లో టిక్కు పడేదాకా కూర్చునేవాళ్లు. ఆ కూర్చోవడం మాటల్లోకి దిగేది. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడడం లేదు, ఎవరి బోరు ఎండిపోయింది, ఆదోనిలో బంగారం ధర ఎంత. మహాదేవి రెండు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నది, అవి కూడా తగ్గింపులోనే. వచ్చినవాళ్లకు కాఫీ పెట్టేది. విశ్వాసమ్మ అయితే బిల్లు కట్టాక కూడా ఒక గంట ఉండేది. ఒడిలో శెనక్కాయలు పోసుకుని ఒలుస్తూ, ఆసుపత్రిలో తన చేతులమీదుగా పుట్టిన పిల్లల గురించి చెప్పేది. సగం ఊరు తన చేతిలో పుట్టిందని ఆమె నమ్మకం.

నెల సగం దాటితే ఆ ఇంట్లో గడియారం ముల్లు కదిలే చప్పుడు వినపడేది. మహాదేవి పొద్దున ఏడింటికి వంట ముగించేది. ఆ తర్వాత రాత్రి దాకా చేయడానికేమీ ఉండదు. అప్పులిస్తామని ఏదో ఊరి నుంచి ఆడపిల్లలు ఫోన్ చేస్తారు చూడండి, మనమంతా మాట పూర్తికాకముందే పెట్టేస్తాం. మహాదేవి మొత్తం వినేది. వడ్డీ ఎంత, వాయిదాలు ఎన్ని అని అడిగి, చివర్లో అన్నం తింటివామ్మా అనేది. అవతలి పిల్ల ఒక్క క్షణం తడబడి, తిన్నాను మేడం అని పెట్టేసేది. కొన్నాళ్లు మహాదేవి నోటినుంచి ఆ రోజంతటికీ వచ్చిన మాటలు అవే. నెలాఖరు దగ్గరపడేకొద్దీ ఆమెకు ప్రాణం లేచి వచ్చేది. రీడింగు మనిషి సందు మొదట్లో కనబడితే చాలు, కాఫీ పొడి తెచ్చి పెట్టుకునేది.

ఏడాదిన్నర అలా గడిచింది. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్లో రెండు సందేశాలు వచ్చాయి. మొదటిది కార్డువాళ్లది. ఏప్రిల్ ఒకటి నుంచి కరెంటు బిల్లులకు ఏమీ తిరిగి రాదు. రెండోది యాప్‌వాళ్లది. ఇకమీదట ఎలా కట్టినా బిల్లుకు మూడు రూపాయల యాభైనాలుగు పైసలు వాళ్ల రుసుము. గీకే కార్డులు కూడా ఉండవు. మహాదేవి రెండింటినీ మూడేసిసార్లు చదివింది. తక్కిన యాప్‌లు చూసింది. అన్నీ ఒకదాని వెనుక ఒకటి అదే దారి పట్టాయి. రావలసిన నాలుగు వందలూ రావు. పైగా చేతినుంచి నూట యాభై పోతుంది.

తెలివైన మనిషి ఏం చేస్తుంది? ఇక కట్టను, మీరే కట్టుకోండి అంటుంది. మహాదేవి తెలివితక్కువది కాదు. ఆ మాటే అనాలని ఏప్రిల్ మొదటి వారమంతా లోపల వల్లె వేసుకుంది. మొదట గిడ్డమ్మ వచ్చింది. చేతిలో చీటీతోపాటు గిన్నెలో వేడివేడి గుగ్గిళ్లు.

"తినక్కా, ఇప్పుడే తాలింపు పెడితి. మా కోడలు ప్రణీతకు ఉప్పు వేసేది తెలీదు, నేనే వేసినా. ఆ, బిల్లు ఇదిగో. మూడు వందల పది."

మహాదేవి నోరు తెరిచింది. గిన్నె వైపు చూసింది. గిడ్డమ్మ అప్పటికే కుర్చీ లాక్కుని కూర్చుని కోడలి కథ మొదలుపెట్టేసింది.

"ఇయ్యి," అంది మహాదేవి. అంతే.

ఆ నెల నలభైమూడు బిల్లులూ కట్టింది. మే నెలలోనూ కట్టింది. ఇంటికి తెచ్చే పాలు అర లీటరు నుంచి పావు లీటరుకు తగ్గించుకుంది. వచ్చినవాళ్ల కాఫీకి మాత్రం తగ్గించలేదు. పేపరు మాన్పించింది. ఆ పావు లీటరులో కూడా వాళ్లకు పోయగా మిగిలితే తాను తాగేది. ఇదంతా ఎందుకు చేస్తోందో ఆమెకు తెలియక కాదు. తెలుసు. తనకు తాను కూడా పైకి చెప్పుకునే ధైర్యం లేదు, అంతే.

మే నెలలోనే ఒక పొద్దున, ఎండ ఇంకా వాకిట్లోకి రాకముందే, గిడ్డమ్మ ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. విశ్వాసమ్మ అప్పటికే కుర్చీలో ఉంది. ఆమె బిల్లు కట్టడం అయిపోయింది, ఒడిలో శెనక్కాయలున్నాయి. గిడ్డమ్మ కూర్చోలేదు.

"అక్కా, ఒక మాట అడుగుతా, మనసులో పెట్టుకోవద్దు. మా బిల్లులు కడితే నీకు దుడ్లు వస్తాండాయంట గదా?"

మహాదేవి చేతిలో ఫోన్ ఉంది. "ఎవరు చెప్పిరి?"

"మా ప్రణీత చెప్పె. కార్డు పెట్టి కడితే ప్రతి బిల్లుకూ కమీషను పడతాదంట. నలభై ఇండ్లవి కడతాండావు. ఏడాదిన్నర నుంచి. అడక్కుండా, చెప్పకుండా. మా దుడ్లు పెట్టి నువ్వు సంపాదించుకుంటాండావే! మేమేమో పాపం, అక్క మాకోసరం తిప్పలు పడతాండాదని నోరారా చెప్పుకుంటిమి."

వెంట వచ్చిన ఇద్దరూ తల ఊపారు. విశ్వాసమ్మ చెయ్యి శెనక్కాయల మీద ఆగిపోయింది.

ఫోన్ తిప్పి చూపిస్తే సరిపోయేది. అందులో అన్నీ ఉన్నాయి. గిడ్డమ్మ పేరు, సర్వీసు నంబరు, మూడు వందల పది రూపాయలు, దాని కింద రుసుము మూడు రూపాయల యాభైనాలుగు పైసలు, కట్టిన మనిషి మహాదేవి. పాతది నిజమే, కానీ రెండు నెలలుగా చేతినుంచి పోతోందని చెప్పవచ్చు. చెబితే గిడ్డమ్మ ఊరుకునే రకం కాదు. మరి నష్టానికి ఎందుకు కడతాండావు అంటుంది. దానికి ఒక్కటే జవాబు. ఆ జవాబు నలుగురు ఆడవాళ్ల ముందు, తన వాకిట్లో, పొద్దున ఎనిమిదింటికి చెప్పాలి. మీరు రాకపోతే నాకు మనిషి మొహం కనబడదు, అందుకు కడుతున్నాను అనాలి.

దొంగ అనిపించుకోవడం ఒక రకం. ఇది ఇంకో రకం. ఆశపోతును చూసి జనం తిడతారు, తిట్టి మర్చిపోతారు. దిక్కులేనిదాన్ని చూసి జాలిపడతారు. ఆ జాలి ఇంటింటికీ తిరుగుతుంది, గిడ్డమ్మ నోట పడితే సాయంత్రానికి సంత దాకా పోతుంది.

"అవును," అంది. "వస్తాండాయి. తింటి."

అంత సులువుగా ఒప్పుకుంటుందని గిడ్డమ్మ కూడా అనుకోలేదు. తెచ్చుకున్న మాటలన్నీ మిగిలిపోయి నిలబడింది.

"మీది మీకు ఇస్తాలే," అని మహాదేవి లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా వెనుకున్న పర్సు తెచ్చింది. "ఇంటికి పది రూపాయలు. ప్రతి నెలా ఇస్తా. అందరికీ చెప్పండి."

ముగ్గురూ తీసుకున్నారు. గిడ్డమ్మ నోటు మడిచి కొంగుకు ముడి వేసుకుంటూ, నేనేమీ తప్పుగా అడగలేదు గదా అక్కా, అంది. నాలుగో నోటు విశ్వాసమ్మ వైపు చాచింది మహాదేవి. విశ్వాసమ్మ తీసుకోలేదు. ఒడిలోని కాయలు కొంగులో మూట కట్టుకుని, మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది.

"నేను నీ కాడికి వస్తాండానని అనుకుంటి, మహాదేవీ," అంది. "నువ్వు నా చీటీ కోసరం కూసోబెడతాంటివా?"

ఆమె మెట్టు దిగి, గోడ పట్టుకుని సందు మలుపు తిరిగేదాకా మహాదేవి పది రూపాయల నోటు పట్టుకుని అలాగే ఉంది. పిలవాలనుకుంది. పిలిచి ఏం చెప్పాలి?

సాయంత్రానికి, వచ్చినవాళ్లకు వచ్చినట్టే, నలభై రెండు ఇళ్లకూ పదేసి రూపాయలు పంచేసింది. జూన్ నెల బిల్లులు వచ్చాయి. చెబితే మీరు నమ్మరు, ఆ నెల ఆమె ఇంటి ముందు వరుస కట్టారు. నలభై రెండు ఇళ్లవాళ్లే కాదు, వెనుక వీధివాళ్లు, ఎప్పుడూ చూడని మొహాలు. బిల్లు కట్టి పెట్టేవాళ్లెవరూ ఏమీ ఇవ్వరట, కరెంటక్క పది రూపాయలు ఇస్తోందట! పెద్ద పెద్ద కంపెనీలు కూడా మొదట్లో జనాన్ని ఇలాగే డబ్బిచ్చి పిలుచుకుంటాయి. వాళ్ల వెనుక ఎవరివో కోట్లుంటాయి. మహాదేవి వెనుక పి.ఎఫ్. పింఛను ఉంది. యాభై ఏడు చీటీలు. రుసుమూ పది రూపాయలూ కలిపి ఏడు వందల డెబ్బై ఒకటి. ఆ నెల పాలు పూర్తిగా మానేసింది. వచ్చినవాళ్లకు కాఫీ పెట్టే పని కూడా పడలేదు.

ఎందుకంటే ఎవరూ కూర్చోలేదు. చీటీ ఇచ్చారు, డబ్బిచ్చారు, గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

"కూసో గిడ్డమ్మా."

"లేదక్కా, మగ్గం ఆపి వచ్చినా. మా పది?"

"ఇదిగో. ప్రణీత ఎట్లుండాది?"

"ఉండాది," అని గిడ్డమ్మ వెళ్లిపోయింది. కోడలి గురించి గంటసేపు మాట్లాడే మనిషి ఒక్క మాటతో సరిపెట్టింది. కోపంతో కాదు. లెక్క తేలిపోయింది కాబట్టి. ఇంతకుముందు అక్క తమకోసం తిప్పలు పడుతోందని అందరికీ కాస్త మొహమాటం ఉండేది. ఆ మొహమాటమే వాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి కబుర్లు చెప్పించేది. ఇప్పుడు ఆమె భాగం ఆమెది, వాళ్ల భాగం వాళ్లది. ఇక కూర్చోవడం దేనికి? వారం రోజులు మనుషులు వస్తూనే ఉన్నారు, మహాదేవి మాత్రం తన ఉద్యోగం మొత్తంలో ఎన్నడూ లేనంత ఒంటరిగా ఉంది. జనం రాని రోజుల్లో ఒంటరిగా ఉండడం ఆమెకు అలవాటే. ఇంతమంది మధ్య అలా ఉండడం అలవాటు లేదు.

విశ్వాసమ్మ రాలేదు.

గడువుకు ఒక్క రోజు మిగిలి ఉండగా మహాదేవి ఫోన్ తెరిచి విశ్వాసమ్మ సర్వీసు నంబరు నొక్కి చూసింది. రెండు వందల తొంభై ఆరు రూపాయలు. ఇంకా కట్టలేదు. ఈ ఎండలో ఆ మోకాళ్లతో కరెంటాఫీసుకు ఎలా పోతుంది? కట్టకపోతే జరిమానా. వేలు బటన్ మీదకు వెళ్లింది. నొక్కితే అయిపోతుంది, ఆమెకు తెలియను కూడా తెలియదు. వేలు అక్కడే ఉంచి చాలాసేపు కూర్చుంది. మళ్లీ డబ్బుతోనే కదా పిలుస్తున్నాను అనిపించింది. ఫోన్ పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

సందు మలుపు తిరిగాక ఆగిపోయింది. ఎడమవైపా, కుడివైపా? ఏడాదిన్నరగా ఆ మనిషి నెలనెలా తన ఇంటికి వచ్చింది. తాను ఆమె ఇంటికి ఒక్కసారీ వెళ్లలేదు. సర్వీసు నంబరు పదమూడు అంకెలూ తెలుసు, తలుపు ఏదో తెలియదు. మహాదేవి జీవితమంతా అంతే. జనం చీటీ పట్టుకుని తన దగ్గరికి రావాలి, తాను కూర్చుని ఉండాలి. లేచి ఒకరి గడపకు వెళ్లాలన్న ఊహ ఆమెకు ఏనాడూ రాలేదు. కుళాయి దగ్గర బిందె పట్టుకుంటున్న ఒకామెను అడిగి తెలుసుకుంది.

విశ్వాసమ్మ గడపలో కూర్చుని ఉంది. లోపల ఫ్యాన్ తిరగడం లేదు. మహాదేవిని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

"బిల్లు కట్టలేదే?" అంది మహాదేవి.

"రేపు నేనే పోతా. నీకు పది రూపాయలు మిగుల్తాయిలే."

"నాకేమీ రావడంల్యాదు, విశ్వాసమ్మా," అంది మహాదేవి. "ముందు వస్తాండె. నిజమే. నీకు చెప్పకుండా తింటి. ఉగాదికాడ నుంచి రాదు. బిల్లుకు మూడున్నర నా చేతినుంచే పోతాండాది. ఆ పది కూడా నా పింఛన్లోదే."

విశ్వాసమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మరి ఆ పొద్దు గిడ్డమ్మ అడిగినప్పుడు చెప్పలేదే?"

"చెప్తే, మరి ఎందుకు కడతాండావు అంటారు గదా."

"ఎందుకు కడతాండావు?"

ఆ ప్రశ్న నుంచే ఆమె నెలరోజులుగా తప్పించుకు తిరుగుతోంది. సందులో ఎవరో స్కూటరు మీద పోయారు. అది పోయేదాకా ఆగింది.

"ఇంక కట్టను అంటే మీరు రారని," అంది మహాదేవి. "తక్కినోళ్లది పోనీ. నువ్వు రావని. పదిహేను దినాలు ఎట్లనో గడుపుతా, తర్వాత నువ్వు వస్తావని. నాకు ఎవురూ లేరు, విశ్వాసమ్మా."

అరవైకి దగ్గరపడిన మనిషి, వీధిలో నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆ మాట అంది. అన్న తర్వాత ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. కుళాయి దగ్గరి ఆమె బిందె మార్చుకుంది.

విశ్వాసమ్మ గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. ఏదో డబ్బా మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చి మహాదేవి చెయ్యి పట్టుకుని అరచేతిలో ఒక అయిదు రూపాయల బిళ్ల, ఒక రెండు రూపాయల బిళ్ల పెట్టింది.

"రెండు నెల్లది, నా బిల్లుకు నువ్వు పెట్టుకున్నది. పైన ఎనిమిది పైసలుంటాయేమో, అవి నా కాడ ల్యావు. ఇప్పుడు నీకూ నాకూ బాకీ లేదు. కూసో."

మహాదేవి గడపలో కూర్చుంది. విశ్వాసమ్మ పక్కనే కూలబడింది. చేతిలో ఫోన్ లేదు, చీటీ లేదు. కబుర్లు ఎక్కడ మొదలుపెడతారో మహాదేవికి తెలియలేదు. తెలిసిన ఒకే ఒక మాట బయటికి వచ్చింది.

"ఆ చీటీ ఇయ్యి, ఇంటికి పోయి కడతా. ఎండలో యాడ పోతావు?"

"ఇయ్యను," అంది విశ్వాసమ్మ. "ఆటోలో పోయి నేనే కట్టుకుంటా. ఆ పది రూపాయల యవ్వారం కూడా నిలిపెయ్యి, పోయేటోళ్లు పోతారు. ఎల్లుండి చీటీ లేకుండా వస్తా నీ కాడికి. రానిస్తావో లేదో చూస్తా."

ఆ ఎల్లుండి రోజున మహాదేవి తెల్లవారకముందే పాలకు వెళ్లి అర లీటరు తెచ్చింది. వాకిలి ఊడ్చి తలుపు బార్లా తెరిచింది. పదింటికి వడగాలి మొదలై ఇల్లంతా దుమ్ము కొట్టుకుపోయింది. అందరూ తలుపులు బిగించుకున్నారు. ఆమె మాత్రం వేయలేదు.